ఉలవకట్టె పరిచిన బండ

ఆ జీపుకు నాలుగు చక్రాలూ ఇంజను బలంతోనే తిరిగేవి గానీ, నాలుగూ ఒక మాట మీద ఎప్పుడూ ఉండేవి కావు. నేను పుట్టకముందు తయారైన బండి అది. ఏదో ప్రభుత్వ శాఖలో కొండలూ గుట్టలూ ఎక్కి దిగి, చివరికి వేలానికి వస్తే హోసూరులో నేను పనిచేసే చిన్న టైర్ల ఫ్యాక్టరీ కొనుక్కుంది. తెచ్చిన రోజు మా డ్రైవర్లు ముగ్గురు వంతులవారీగా ఎక్కి, గేరు పడక, తిట్టుకుంటూ దిగారు. మూడో రోజుకు, ఆ శాఖలో దాన్ని ఇరవై ఏళ్ళు తోలిన మనిషిని ఎక్కడో వెతికి పట్టుకొచ్చారు. అలా బండితో పాటు ఆయన కూడా మాకు వచ్చాడు.

యాభై దాటిన మనిషి. రాయకోట వైపు పల్లె, ఇంట్లో గొర్రెల మంద. ఆ శాఖలో ఇరవై ఏళ్ళూ ఆయన టెంపరరీనే. బండికి పర్మనెంటు నంబరు ఉండేది, తోలే ఆయనకు ఉండేది కాదు. ఈ సంగతి ఆయన నవ్వుతూ చెప్పేవాడు. నాకే వినగానే ఒళ్ళు మండేది. నాకు చిన్నప్పటినుంచీ అంతే, ఎవరి విషయానికైనా ముందు నాకే కోపం వస్తుంది. ఆ కోపం పనికి రావలసిన రోజున రాలేదు, ఆ కథే ఇప్పుడు చెబుతున్నాను.

అప్పటికి నాకు ఇరవై మూడేళ్ళు. బాగలూరులో పూలతోట ఉన్న ఇల్లు మాది. తెల్లారి మల్లెలు కోసే పని తప్పించుకోవడానికే నేను మెకానికల్ డిప్లొమా చేశానని మా అమ్మ అనేది. అందులో అబద్ధం లేదు. ఫ్యాక్టరీలో టెస్టింగు విభాగం మొత్తానికి ఆడపిల్లను నేనొక్కదాన్నే. చేతిలో టైరు లోతు కొలిచే గేజి, చంకలో లెక్కల అట్ట, తలలో ఒకటే భయం. ఎక్కడ చిన్న తప్పు దొరికినా 'ఆడపిల్లను పెట్టుకుంటే ఇంతే' అంటారని.

తొంభైల నడిమి సంవత్సరాలు. ఊరి చుట్టూ క్వారీలు లేస్తున్నాయి. రాళ్ళలో, బురదలో తిరిగే జీపులకు గట్టి టైరు కావాలని అందరూ అడుగుతున్నారు. మా వాళ్ళు కొత్తగా ఒక బటన్ టైరు అచ్చు పోశారు. అంటే పైన పెద్ద పెద్ద రబ్బరు దిమ్మలు ఉండే టైరు. వాటినే డ్రైవర్లు బటన్లు అంటారు. రాతి మీద అవి ఎంత కాలం నిలుస్తాయో, చిట్లకుండా ఎంత అరుగుతాయో చూడాలి. దానికి పాత జీపే సరైనదన్నారు. కొత్త బండిలా అది దేన్నీ దాచదు. రాయి తగిలితే ఆ దెబ్బ నేరుగా కూర్చున్న వాళ్ళ నడుముకు వస్తుంది.

రాయకోట పోయే దారిలో కుడివైపు మట్టిదారి పట్టి, రెండు వంకలు దాటితే ఒక పెద్ద బండ ఉండేది. మట్టి లేని ఒట్టి రాయి, ఏనుగు వీపులా వాలుగా ఎకరంపైనే పరుచుకుని ఉండేది. మా పరీక్ష చుట్టు అక్కడే. వంకలో ఇసుక, చేనిగట్టు మీద మట్టి, చివర ఆ బండ. ఇసుకా మట్టీ టైరును ఏమీ చేయవు. టైరును తినేది బండే. బండను ఎంచుకున్నది నేనే, కాగితం మీద గీత గీసి మేనేజరుకు చూపించినదీ నేనే. ఆ గీత చూసి ఆయన మెచ్చుకున్నాడు. నేను వారం రోజులు నేల మీద నడవలేదు.

ఫ్యాక్టరీ గేటు లోపల డ్రైవరు నన్ను 'మేడం' అనేవాడు. రైల్వే గేటు దాటగానే 'అమ్మా' అనేవాడు. నేను ఎక్కడైనా 'అన్నా' అనే పిలిచేదాన్ని. పొద్దున బయల్దేరేముందు నాలుగు టైర్లనూ అరచేత్తో తడిమి, ఎంత అరిగాయో చెప్పేవాడు. నేను గేజి పెట్టి కొలిచాక ఆయన చెప్పిన మాట, నా అంకె చాలాసార్లు ఒకటే అయ్యేవి. నాకది ఉక్రోషంగా ఉండేది.

"గేజి ఏంటికమ్మా నీకు, నన్ను అడిగితే చెప్పనా?" అనేవాడు.

"నీ చెయ్యి కాగితం మీద రాయదు కదన్నా."

"అదీ నిజమే," అనేవాడు. వంకలో దిగేముందు బండి ఆపి, పక్కనున్న చిన్న కడ్డీ వెనక్కి లాగి ముందు చక్రాలు కలిపేవాడు. అది పడకపోతే బండిని ఒక జాన ముందుకు, ఒక జాన వెనక్కి ఊపి, "రా తల్లీ, రా" అని బతిమాలేవాడు. పడ్డాక నా వైపు చూసి కనుబొమ్మలు ఎగరేసేవాడు.

ఆయనకు కావలసింది ఒకటే. మా గేటు దగ్గర గోడకు ఒక గడియారం పెట్టె ఉండేది. పర్మనెంటు వాళ్ళు తమ ఫోటో ఉన్న కార్డు అందులో దూర్చితే 'టక్' మని టైము పడేది. కాంట్రాక్టు వాళ్ళకు ఆ పెట్టె లేదు. వాళ్ళు సెక్యూరిటీ బల్ల మీది నోటుబుక్కులో సంతకం పెట్టి పోవాలి. ఆయన సంతకం పెడుతూ పెడుతూ ఆ టక్ వినబడితే తల ఎత్తేవాడు. ఒకరోజు దారిలో తనే అన్నాడు.

"నాకు ఇంకేమీ ఆశ లేదమ్మా. పిల్లోళ్ళకు పెండ్లిండ్లు అయిపోయినాయి. ఆ డబ్బీలో నా కార్డు ఒకసారి పడి టక్కనాల. నేనూ ఒకచోట ఉండినానని ఉంటాది."

మా మేనేజరు నా ఎదుటే ఆయనకు మాట ఇచ్చాడు. ఈ టైరు పాసైతే టెస్టింగు విభాగానికి డ్రైవరు పోస్టు వస్తుంది, మొదటి పేరు నీదే అన్నాడు. ఆ పొద్దు ఆయన బండిని నీళ్ళు పోసి కడిగాడు. పరీక్ష బండిని కడగకూడదని నేను అరిచాను. మట్టి బరువు కూడా లెక్కలోదే.

మా చుట్లు మొదలై వారమో పది రోజులో అయ్యేసరికి పంటలు ఇంటికి వచ్చే రోజులు మొదలయ్యాయి. ఒక పొద్దున మేము వంక దాటి పైకి వచ్చేసరికి బండ మీద పది మంది ఆడవాళ్ళు ఉన్నారు. ఎండిన ఉలవ మొక్కలు, వాళ్ళ మాటలో ఉలవకట్టె, మోపులు మోపులుగా తెచ్చి వేస్తున్నారు. అప్పుడు గానీ నాకు తెలియలేదు, నేను గీత గీసిన ఆ రాయి మూడు పల్లెలకు కళ్ళమని. పంట నూర్చడానికి అంతకంటే శుభ్రమైన నేల వాళ్ళకు లేదు. తాతల నాటి నుంచీ అంతేనట. నేను చూసింది ఎండాకాలంలో, ఖాళీగా ఉన్నప్పుడు.

ఒక అవ్వ జీపుకు అడ్డం వచ్చింది. డ్రైవరును చూడలేదు, తిన్నగా నా వైపుకే వచ్చింది.

"ఏమ్మా, దినామూ ఈడ సుమ్మనే తిరగతా ఉండారు కదా. ఆ తిరిగేదేదో మా కట్టె మీద తిరగండమ్మా. ఎద్దులు లేవు మాకు, నూర్చే రాతిగుండు లాగేదానికి మగోళ్ళు లేరు. అందరూ హోసూరు కంపెనీలకు పోయినారు."

సుమ్మనే, అంటే ఊరికే, తిరుగుతున్నామట. నా గేజి, నా అట్ట, నా గీత, అన్నీ సుమ్మనే. నాకు నవ్వూ కోపమూ కలిసి వచ్చాయి. ఆయన మాత్రం ఒప్పుకోలేదు.

"వద్దమ్మా. కట్టె పోయి కింద షాఫ్టుకు చుట్టుకుంటాది. సైలెన్సరు తగిలితే మంట. ఈ అవ్వకేం తెలుసు?"

"నీ యవ్వారం చూడప్పా! ఆడపిల్ల సరే అంటా ఉంటే నువ్వు వద్దంటావు," అంది అవ్వ. నేను అప్పటికి సరే అనలేదు. అయినా అందరూ నా ముఖమే చూస్తున్నారు. ఫ్యాక్టరీలో నా మాట కోసం ఎవరూ అలా చూసేవాళ్ళు కారు. అక్కడ మా అమ్మ వయసు వాళ్ళు, మా అమ్మ చేతుల్లాంటి గీరుకుపోయిన చేతులతో నిలబడి నేనేమంటానా అని చూస్తున్నారు.

"పోనీ అన్నా, ఏమైతాది," అన్నాను.

ఆయన గేరు వేశాడు. మేడం మాట మేడం మాటే. రెండు చుట్లు తిరిగాక బండి ఆపి, సంచి పరుచుకుని కిందికి దూరి, చుట్టుకున్న కాడలను కొడవలితో కోసి లాగేవాడు. ఆ రోజు నుంచి అదే మా పద్ధతి అయింది. మేము వచ్చే వేళకు కట్టె పరిచి ఉంచేవాళ్ళు. మేము తొక్కి పోగానే తిరగేసేవాళ్ళు. ఉలవల తర్వాత రాగులు, రాగుల తర్వాత అనుములు, మళ్ళీ వెనకబడిన వాళ్ళ ఉలవలు. మధ్యాహ్నం మాకు ఉడికించిన గుగ్గిళ్ళు ఆకులో పెట్టి ఇచ్చేవాళ్ళు. ఆయన మొదట ముఖం ముడుచుకున్నా, నాలుగో రోజుకు వాళ్ళతో వరసలు కలిపేశాడు. నేను పనిచేసిన చోట్లన్నిటిలోకి సంతోషంగా ఉన్న రోజులు అవే. అందుకే ఇంకా ఎక్కువ బాధ.

బండ మీద చక్రం కింద రాయి లేదు. జానెడు మెత్తటి పరుపు ఉంది. ఇది తెలుసుకోవడానికి డిప్లొమా కూడా అక్కరలేదు. రెండు నెలలు తిరిగేసరికి గేజి చెప్పింది. అరగవలసిన దాంట్లో సగం కూడా అరగలేదు. ఒక్క బటన్ కూడా అంచు చిట్లలేదు. మళ్ళీ గేజి పెట్టి చూశాను, అదే అంకె. తర్వాత రాసేశాను. అంకె నిజమే కదా, నేను దొంగ అంకె వేయలేదు కదా అనుకున్నాను. కట్టె సంగతి కాగితంలో రాయడానికి గడి లేదు. గడి లేకపోతే కింద రాయవచ్చు. రాయలేదు. రాస్తే చేసిన రెండు నెలల పనీ చెత్తబుట్టకు పోతుంది, ఎవరు వేయమన్నారు అంటారు, పల్లె ఆడవాళ్ళు అడిగారని వేయించానని నేను చెప్పాలి.

ఆయనకు ఇదేమీ తెలియదు. కట్టె వల్ల మంట వస్తుందనే ఆయన భయం. కొలతలు చెడతాయన్నది ఆయన ఊహకే రాలేదు. తడిమి చూసి, "నిలిచిందమ్మా టైరు! నా జన్మలో ఇంత గట్టి రబ్బరు చూళ్ళేదు," అని మురిసిపోయాడు. ఆ మాటకు నేను తల ఊపాను.

కాగితం చూసి మేనేజరు మిఠాయి తెప్పించాడు. కార్డు కోసం ఫోటోలు తెమ్మని ఆయనకు చెప్పాడు. మరుసటి రోజే హోసూరు బజారులోని స్టూడియోకు పోయి తీయించుకున్నాడు. జీపులో నాకు రెండు రకాలు చూపించాడు. ఒకటి మామూలుది, ఒకటి స్టూడియో వాళ్ళ కోటు వేసుకున్నది.

"యాది బాగుండాది?"

"కోటు లేనిది అన్నా."

"నాకూ అదే అనిపించింది. కోటు వేసుకుంటే మా మామ మాదిరి ఉండా," అని దాన్నే జేబులో పెట్టుకున్నాడు.

తర్వాతి వారం పెద్దాఫీసు నుంచి ఇద్దరు వచ్చారు. అంత మంచి ఫలితం నమ్మలేదో, ఇంకా మంచి ఫలితం కోరుకున్నారో తెలియదు. తామే ఒకసారి చూస్తామన్నారు. అదే జీపు, అదే డ్రైవరు, కొత్త టైర్లు. చోటు మాత్రం కృష్ణగిరి వైపు, గురుబరపల్లి దాటాక ఉన్న ఒక క్వారీ. పెద్దాఫీసు మనిషి ఒకాయన ముందు సీట్లో, నేను వెనక సీట్లో కూర్చున్నాం. అప్పుడే పగలగొట్టిన రాళ్ళు, కత్తి అంచులు. మొదటి రోజు సాయంత్రానికే బటన్ల మొదళ్ళు చీలాయి. మూడో రోజు ముందు టైరు మీద పిడికెడంత ముక్క ఊడి వెనక్కి ఎగిరి పడింది. ఆయన బండి ఆపి, దిగి, ఆ ముక్క ఏరుకుని వచ్చాడు. చేతిలో పెట్టుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. నా వైపు చూశాడు. నేను అట్టలో ఏదో రాస్తున్నట్టు తల వంచుకున్నాను.

ఫ్యాక్టరీలో మీటింగు పెట్టారు. ఒక బల్ల, ఆరుగురు మగవాళ్ళు, నేను. బండ మీద నిలిచిన టైరు క్వారీలో ఎందుకు నిలవలేదని ప్రశ్న. మేనేజరు నన్ను అడిగాడు. "చుట్లన్నీ సరిగ్గా తిరిగారా?"

"తిరిగాం సార్."

"మరి తేడా ఎందుకు వచ్చింది?"

నోటి దాకా వచ్చింది. ఉలవకట్టె అన్న మాట నాలుక మీదే ఉంది. పెద్దాఫీసు మనుషులు నన్ను చూస్తున్నారు, ఈ అమ్మాయి ఇక్కడ ఎందుకుందన్నట్టు. "తెలియదు సార్" అన్నాను.

వచ్చిన ఇద్దరిలో ఒకాయన తేల్చేశాడు. పాత డ్రైవర్లకు టైరు కాపాడుకునే అలవాటు ఉంటుంది, రాళ్ళు తప్పించి తోలి ఉంటాడు, క్వారీలో మా మనిషి పక్కనే కూర్చున్నాడు కాబట్టి కుదరలేదు అన్నాడు. అందరికీ అది సబబుగా తోచింది. మేనేజరు కూడా తల ఊపాడు. డ్రైవరును లోపలికి పిలిచి అడుగుదామని ఒక్కరూ అనలేదు. నేనూ అనలేదు. ఊళ్ళో అందరి మీదా విరుచుకుపడే నా కోపం ఆ గదిలో నోరు మూసుకుని కూర్చుంది.

పోస్టు రాలేదు. నెలాఖరుకు కాంట్రాక్టు ఆపేశారు. చివరి రోజు ఆయన నోటుబుక్కులో సంతకం పెట్టి, పెన్ను సెక్యూరిటీకి తిరిగిచ్చి, నా దగ్గరికి వచ్చాడు.

"నేను రాళ్ళు తప్పించినానంట కదా మేడం. నిజమేనా?"

గేటు లోపల ఉన్నాం కాబట్టి మేడం అన్నాడు. చెప్పడానికి అదే సమయం. నా వెనక పర్మనెంటు వాళ్ళు వరసగా కార్డులు దూర్చుతున్నారు, టక్ టక్ మని. "వాళ్ళు ఏదో అంటారు అన్నా, పట్టించుకోకు," అన్నాను.

"సరే మేడం," అని వెళ్ళిపోయాడు.

జీపును బాయిలరు వెనక పెట్టారు. ఆయన లేకుండా అది కదిలేది కాదు. రెండు వానలకు సీట్లు కుళ్ళిపోయాయి, మూడో ఏడు పాత ఇనుముకు పోయింది. ఆ టైరును మళ్ళీ పోయలేదు. నాకు మాత్రం ఏమీ కాలేదు. ప్రమోషను కూడా వచ్చింది. నా కార్డు పెట్టెలో పడి టక్ మన్నప్పుడల్లా నాకు లోపల గుచ్చుకునేది. కొన్నాళ్ళకు గుచ్చుకోవడం తగ్గింది. అది తగ్గినందుకు నన్ను నేను ఎప్పుడూ క్షమించుకోలేదు.

తొమ్మిది పదేళ్ళు గడిచాయి. కొత్త శతాబ్దం వచ్చి, నేను కారు కొని, నేనే తోలుకుంటూ రాయకోటలో ఒక పెళ్ళికి పోయి తిరిగి వస్తున్నాను. మధ్యాహ్నపు ఎండ. మా మట్టిదారి మలుపు దగ్గరికి వచ్చేసరికి, రోడ్డు మీదికే కనబడే ఏనుగు వీపు లేదు. బండను గ్రానైటు వాళ్ళు పలకలు పలకలుగా కోసుకుపోయారు. అక్కడ మిగిలింది నీళ్ళు నిలిచిన గుంటేనట. కళ్ళం పోయింది కాబట్టి పల్లె వాళ్ళు తారురోడ్డు మీదే ఉలవకట్టె పరిచారు, వచ్చేపోయే బండ్లు తొక్కుతాయని. పక్కన కొంకి కర్రతో కట్టె తిరగేస్తున్న ముసలాయన చెయ్యి ఊపుతున్నాడు, దాని మీద పోనీ అని. ఊపిన తీరులోనే గుర్తుపట్టాను.

కారు ఆపి దిగాను. ఆయన ముందు నా టైర్లు చూశాడు, తర్వాత నన్ను.

"గాలి ఎక్కువ పెట్టినావమ్మా," అన్నాడు. తర్వాత నవ్వాడు. పళ్ళు రెండే మిగిలాయి.

ఇంటి సంగతులు అడిగాను. భార్య పోయింది. గొర్రెలు అమ్మేశారు. కార్డుకు తీయించిన ఫోటోలు ఏమయ్యాయని అడగాలనుకున్నాను. అడగకుండానే చెప్పాడు, "ఆ ఫోటోలు రేషన్ కార్డుకు పనికొచ్చినాయిలే." తర్వాత కర్ర నేలకు ఆనించి, నా ముఖం వైపు కాక రోడ్డు వైపు చూస్తూ అన్నాడు.

"ఇన్నేండ్లూ తలుచుకుంటానే ఉండా. బండ మీద నేను రాళ్ళు తప్పించినట్టు నాకు గ్యాపకం లేదు. అయితే ఇరవై ఏండ్లు సర్కారు టైరు కాపాడిన చేతులు ఇవి. నాకు తెలీకుండానే తప్పించినాయేమో. నా చేతులే నా కడుపు కొట్టినాయేమో."

అక్కడే, ఎండలో, అన్నీ చెప్పాను. నీ తప్పు వీసమెత్తు లేదన్నా, రాళ్ళు నువ్వు తప్పించలేదు, రాతి మీద కట్టె పరిపించింది నేను, మెత్తటి దాని మీద తిరిగింది కాబట్టి టైరు అరగలేదు, అది నాకు అప్పుడే తెలుసు, మీటింగులో తెలియదన్నాను, నా ఉద్యోగం పోతుందని నీ పేరు పోనిచ్చాను. ఏడుస్తూ చెప్పాను. దారిన పోయే టెంపోవాడు తల బయటపెట్టి చూశాడు.

ఆయన ఓపిగ్గా అంతా విన్నాడు. విని, పసిపిల్లను సముదాయించేటట్టు నా భుజం తట్టాడు.

"ఊరుకో తల్లీ. నా మనసు నొచ్చుకుంటాదని ఇట్ల చెప్తా ఉండావు. పిడికెడు ఉలవకట్టెకు అంత పెద్ద కంపెనీ మోసపోతాదా? నువ్వు మొదట్నుంచీ మంచిదానివి. నాకు తెలుసు."

"అది కాదన్నా, నిజంగానే..."

"వెనక బండ్లు నిలిచిపోయినాయి చూడు. పోనీ, పోనీ. కట్టె మీదే పోనీ, గింజ రాలతాది. ఇల్లు చేరినాక ఒకసారి దిగి కింద చూసుకో, చుట్టుకోని ఉంటాది."

వెనక హారన్లు మోగుతున్నాయి. ఎక్కి కూర్చుని, ఆయన చూపించిన చోటే, నిదానంగా కట్టె మీదుగా పోనిచ్చాను. చక్రాల కింద మెత్తగా ఉంది. అద్దంలో ఆయన నేను తొక్కిన కట్టెను తిరగేస్తూ కనిపించాడు.

హోసూరులో ఇంటి ముందు ఆపి, దిగి, వంగి చూశాను. ఆయన చెప్పినట్టే కారు కింద ఉలవ కాడలు గట్టిగా చుట్టుకుని ఉన్నాయి. చెయ్యి దూర్చి లాగాను, రాలేదు. ఆ పని నేను ఎప్పుడూ నేర్చుకోలేదు. సంచి పరుచుకుని కింద పడుకున్నది ప్రతిసారీ ఆయనే.